పిన్నీసు అడగని అక్టోబరు

నీళ్ళలో వేస్తే తేలినవి తాలు, మునిగినవి గట్టివి. ఆ మాత్రం కృపావరానికి ఎవరూ చెప్పక్కర్లేదు. విత్తనాలకైనా మనుషులకైనా అదే పరీక్ష అని అతని లెక్క. పెద్ద గిన్నె నిండా కుళాయి నీళ్ళు పట్టి, పొద్దున ఏరుకొచ్చిన చెస్ట్‌నట్లు సంచీలోంచి అందులోకి బోర్లించాడు. టకటకా అడుక్కి పోయాయి. మూడో నాలుగో పైకి తేలితే తీసి సింకు పక్కన పడేశాడు. మిగతావన్నీ గట్టివే, ముదురు గోధుమ రంగులో, కొత్త చెప్పుల్లా నిగనిగలాడుతూ. గోడ గడియారంలో ఒంటిగంటన్నర. నాలుగింటికి వస్తామంది ప్రేమజ్యోతి. కన్నకూతురు, ఇదే రెడ్‌మండ్‌లో కారులో పదిహేను నిమిషాల దూరాన ఉంటుంది, తల్లి సమాధి మీద మట్టి వేసిన రోజు నుంచి ఈ గుమ్మం తొక్కలేదు. ఏడాదిన్నర. మొన్న బుధవారం ఫోన్ చేసి, బ్యాంకు వాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది. "ఎలీనా అడుగుతోంది నాన్నా. అమ్మమ్మ చెస్ట్‌నట్స్ కావాలంట. సాటర్‌డే వస్తాం, ఒక అరగంట. నీకు చేయడం వచ్చా?" ఎందుకు రాదు, అన్నాడు. రాదు. అది ఆమెకీ తెలుసు. తెలిసీ, సరే అంది. ఎలీనాకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. పళ్ళు ఊడి మళ్ళీ వచ్చేసి ఉంటాయి. పళ్ళు లేకుండా ఎలా ఉందో ఇతను చూడనే లేదు.

చాకుతో గాటు పెట్టాలి, అది తెలుసు. చూసి కాదు, విని. ఇతను హాల్లో టీవీ ముందు, సలోమి వంటింట్లో, ప్రతి అక్టోబరులో రెండు మూడు సాయంత్రాలు ఆ చప్పుడు వినిపించేది, పెంకు మీద చాకు మొన దిగేటప్పటి చిన్న టిక్కు, మళ్ళీ టిక్కు. గాటు పెట్టకపోతే పేలతాయండీ, అనేది అక్కడి నుంచే. ఎవరడిగారు, అనేవాడు ఇక్కడి నుంచే. ఇరవై ఏళ్ళ సంభాషణ అంతే. తర్వాత అవెన్ తలుపు మూసిన చప్పుడు, తర్వాత వాసన. ఆ వాసనకి మాత్రం టీవీ శబ్దం పెంచేవాడు, వాసనకీ శబ్దానికీ ఏదో సంబంధం ఉన్నట్టు. కాల్చిన పనసగింజల వాసనే అది, కాస్త తియ్యగా. ఇప్పుడు గింజని చెక్క మీద పెట్టి చాకు ఆనిస్తే జారి దొర్లిపోయింది, గోళీకాయ లాగా. ఇంకోటి తీశాడు. అదీ అంతే, గుండ్రం, ఎటు పెట్టినా నిలవదు. ఆమె చేతిలో ఎలా నిలిచేవో. నర్సు చేతులు మరి, కదిలే నరాన్ని పట్టి సూది గుచ్చే చేతులకి గింజొక లెక్కా. మూడోది బొటనవేలి కింద అదిమిపెట్టి, పంటి బిగువున గాటు పెట్టాడు. పెంకు చీలింది. లోపల పాలిపోయిన పసుపు. వేలితో ఒలిచి, కందిపప్పంత ముక్క కొరికాడు.

చేదు. వేపాకుది కాదు, వేపాకు చేదు వచ్చి పోతుంది, ఇది నాలుక మీద కుర్చీ వేసుకొని కూర్చునే చేదు. ఉమ్మేయలేదు. నోట్లోకి పోయింది ఉమ్మడం వాళ్ళింట్లో ఏనాడూ లేదు, వాళ్ళమ్మ ఊరుకునేది కాదు. మింగాడు. పచ్చివి కాబట్టి చేదు, ఉడికితే పోతుంది అనుకున్నాడు. గట్ల మీద దొరికే పిచ్చికంద మాత్రం? పచ్చిది నోట పెడితే గొంతు కోసుకుపోయేది. అమ్మ దాన్ని చింతపండు వేసి ఉడికించి ఆ నీళ్ళు పారబోసేది, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ చింతపండు, మూడో నీళ్ళకి ఎంత పొగరుబోతు కందైనా దారికొచ్చేది. మనిషి తలుచుకుంటే తిండి కానిది ఏముంది. డబ్బాలోంచి నిమ్మకాయంత చింతపండు తీసి గిన్నెలో వేశాడు, గుప్పెడు ఉప్పు వేశాడు, స్టవ్ తిప్పాడు. సలోమి చింతపండు వేయగా చూశాడా? చూస్తే కదా.

నీళ్ళు కాగేదాకా మిగతావాటికి గాట్లు పెడుతూ నిలబడ్డాడు. కిటికీ అవతల వాన, వాన అనడానికి లేదు, ఇక్కడి వాన కురవదు, కారుతుంది, రోజంతా ఎవరో గుడ్డ పిండుతున్నట్టు. పొద్దున మెట్ల మీద పక్కింటి ఫణి ఎదురయ్యాడు, కుర్రవాడు, సాఫ్ట్‌వేరు. తడిసిన సంచీలోకి తొంగిచూశాడు.

"భలే ఉన్నాయే అంకుల్! గోళీలాటా?"

"తినేవి."

"ఇవా? మా ఆఫీస్ పార్కింగ్‌లో కుప్పలు పడుంటాయి, ఉడతలు కూడా ముట్టుకోవు."

"మీ ఆఫీసోళ్ళు ప్యాకెట్టు మీద రాసుంటేనే తింటారు."

"అది కాదంకుల్, ఒకసారి గూగుల్ చేసి..."

"నీ గూగుల్ పుట్టకముందు పుట్టాన్రా నేను. తప్పుకో, బరువుగా ఉంది."

తప్పుకున్నాడు. నవ్వుతూనే తప్పుకున్నాడు, వీళ్ళకి దేనికీ కోపం రాదు, కోపం తెచ్చుకోవడానికి కూడా లీవు పెట్టుకోవాలేమో. సలోమి పోయినప్పుడు ఈ కుర్రాడే వారం రోజులు టిఫిన్ డబ్బాలు తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. డబ్బాలు కడిగి గుమ్మం ముందే పెట్టాడు కృపావరం. థ్యాంక్స్ అనలేదు. అనేదేదో డబ్బాలు కడగడంలోనే ఉందనుకున్నాడు.

ఏరుకొచ్చింది తినను. అదీ ఇతని మాట, ఇరవై ఏళ్ళు నిలబెట్టుకున్నాడు. రేపల్లె దగ్గర ఊళ్ళో మిషన్ బడి, తరగతిలో ఇద్దరు కృపావరాలు. ఒకడు కాంపౌండరు కొడుకు, వాడు ఉత్త కృపావరం. ఇతను పరిగె కృపావరం. కోతలయ్యాక ఆసాముల చేలల్లో రాలిన కంకులు ఏరుకొచ్చే తల్లికి కొడుకు కాబట్టి. పేరు పెట్టింది పిల్లలు కాదు, మాస్టరు. హాజరు పిలిచినప్పుడల్లా పిలిచాడు, ఏడో తరగతి దాకా, చెడ్డవాడు కూడా కాదు, ఇద్దరిలో ఎవరో తెలియడానికి పిలిచాడు. ఆ మాస్టరు చచ్చిపోయి ముప్పై ఏళ్ళు. క్షమించలేదు. అమ్మ ఒడిలో గింజల కంటే మట్టి ఎక్కువ ఉండేది, చెరిగి చెరిగి, దోసెడు మిగిలేవి. వాటి గంజి తాగి ఎదిగిన ఒళ్ళే ఇది, కాదనడు, కానీ ఒళ్ళు వంచి నేల మీద పడినదాన్ని ఏరడం అక్కడితో సరి. సలోమికి ఆ బాధ లేదు. గుంటూరులో నర్సింగు చదివిన పాస్టరు గారమ్మాయి. ఆమె ముందొచ్చింది అమెరికా, ఆమె వీసా పట్టుకొని ఇతనూ పదేళ్ళ ప్రేమజ్యోతీ వచ్చారు. గోడౌనులో లారీలు దించాడు, ఇరవై ఒక్క ఏడు. తెలుగు చర్చిలో అందరికీ సలోమి సిస్టర్ గారి హస్బెండ్. అక్కడా సొంత పేరు నిలవలేదు.

వచ్చిన ఏడాదే, ఆమెతో పనిచేసే కొరియా ముసలి నర్సు ఎవరో పార్కులో చెట్టు చూపించిందట. ఆదివారం చర్చి నుంచి వస్తూ కారు ఆపించింది. పట్టుచీర మీద కోటు వేసుకొని, కొంగు బొడ్లో దోపి వంగింది. అటూ ఇటూ తెల్లవాళ్ళు కుక్కల్ని తిప్పుకుంటున్నారు. ఇతనికి తల కొట్టేసినట్టయింది. కారు దగ్గర నుంచే అరిచాడు, "ఏరుకు తినే బతుకు సముద్రం అవతల వదిలేసి వచ్చాం. ఇక్కడ కూడా వంగుతావా, సిగ్గులేదూ?" ఆమె నడుం ఎత్తకుండానే, "మనం తీసుకోకపోతే ఉడతలు తీసుకుంటాయండీ. ఉడతలకి లేని సిగ్గు నాకెందుకు?" అంది. జ్యోతి పకపకా నవ్వింది. ఆ నవ్వుకే ఇతను కారు తలుపు విసిరి, నాలుగు మైళ్ళు నడిచి ఇంటికొచ్చాడు, చర్చి బూట్లతో, కాళ్ళు బొబ్బలెక్కి. రాత్రి ఆమె ఉప్పునీళ్ళు కాచి కాళ్ళ దగ్గర పెట్టింది. కాళ్ళు పెట్టాడు. మాట్లాడలేదు. మళ్ళీ ఆ పార్కుకి వెళ్ళలేదు. తల్లీ కూతుళ్ళు ఏటా వెళ్ళేవాళ్ళు, పిల్ల పుట్టాక ముగ్గురు ఆడాళ్ళూ. ఏ చెట్టో, ఎక్కడో, ఇతనికి తెలియదు.

ఇతనికి తెలిసిన చెట్టు ఇంకోటుంది. ఇవి ఆ చెట్టువే. నీళ్ళు తెర్లుతున్నాయి, నురగ కడుతోంది, సబ్బు నురగ లాగా తెల్లగా. గరిటెతో నురగ తీసి సింకులో కొట్టాడు. పొద్దున రెండు బస్సులు మారి వెళ్ళాడు ఆ చెట్టు కోసం. ఆస్పత్రి పార్కింగ్ చివర, బెంచీ పక్కన. కిందటేడు జనవరిలో సలోమిని చేర్చుకున్న రోజున గదిలో డాక్టరు ప్రేమజ్యోతితో మాట్లాడుతున్నాడు, ఇతను మంచం పక్కన నిలబడి వింటున్నాడు, గోడౌను ఇంగ్లీషుకి అందేవి కావు ఆ మాటలు, కానీ ఒక్కటి అందింది. సెప్టెంబరు. రెండోసారి కూడా అన్నాడు, సెప్టెంబరు నుంచి అని. జనవరిలో కూర్చొని సెప్టెంబరు అంటాడేమిటి అని కూతురి మొహం చూశాడు. "అమ్మ చెప్పొద్దంది నాన్నా." నాలుగు నెలలు. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద. గదిలో గాలి చాలక కిందికొచ్చి ఆ చెట్టు కింద నిలబడ్డాడు. కాలి కింద ఏదో నలిగింది. కుళ్ళిన తొక్కలు, రెండు గింజలు, నల్లబడి. అప్పుడు లెక్క కుదిరింది. ఆ అక్టోబరులో తల్లీ కూతుళ్ళు చెస్ట్‌నట్లకి వెళ్తున్నామని నాలుగు సార్లు వెళ్ళారు. నాలుగు సార్లూ ఆలస్యంగా వచ్చారు. ఆమె వచ్చి రాగానే పడుకునేది, చలికి తిరిగాను కదండీ అనేది. బాల్కనీలో సంచీ ఉండేది. వారం తర్వాత ఉండేది కాదు. వెళ్ళింది పార్కుకి కాదు, ఇక్కడికి. మందు ఎక్కించుకొని, పోతూ పోతూ ఇక్కడే గుప్పెడు ఏరి, ఇతని కళ్ళకి గంతలు కట్టారు.

మార్చిలో సమాధి దగ్గర, పాస్టరు ప్రార్థన ముగించాక, అందరూ వింటుండగా కూతురితో అన్నాడు, "మీ అమ్మని నాక్కాకుండా చేసింది రోగం కాదు, నువ్వు." ఆమె ఏడవలేదు. పిల్ల చెయ్యి పట్టుకొని వెళ్ళి కారెక్కింది. అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు ఇతనికి లేదు. ఇవాళ కూడా లేదు. బుధవారం నుంచీ మనసులో దువ్వుతున్నాడు, ఇవాళ అనబోయే మాటని. పిల్ల ముందు పళ్ళెం పెడతాడు, అమ్మమ్మవే తల్లీ తిను అంటాడు. జ్యోతి ముందు ఇంకో పళ్ళెం పెడతాడు, పెట్టి మెల్లగా, అరవకుండా, ఏ చెట్టువో గుర్తుపట్టావా అని అడుగుతాడు. నాకు తెలుసు, అంటాడు. ఆ మొహం చూడాలి. ఆ తర్వాత ఆమె వెళ్ళిపోతుంది, అరగంట కూడా ఉండదు, పిల్లని మళ్ళీ ఎప్పటికి చూస్తాడో, అసలు చూస్తాడో లేదో. అదీ తెలుసు. తెలిసే రెండు బస్సులు మారాడు.

నీళ్ళు వంచాడు. చింతపండు గుజ్జంతా గింజలకి పట్టి, వాటి నిగనిగ పోయి, మురిక్కాలవ రాళ్ళలా ఉన్నాయి. ఒకటి తీసి ఊదుకొని నాలుక ఆనించాడు. చేదు ఎక్కడికీ పోలేదు, చింతపులుపు దాని మీద ఎక్కి కూర్చుంది, అంతే. సరే, రెండో నీళ్ళు. పిచ్చికంద మాత్రం రెండో నీళ్ళకి లొంగిందా. రెండుంపావు. చేతులు చొక్కాకి తుడుచుకోబోయి, అరచేతులు చూసుకున్నాడు, ఎందుకు చూసుకున్నాడో తెలియదు, తడికి ముడతలు పడ్డాయి, అంతకంటే ఏం లేదు. పొద్దున ఆ కాయల్ని ఒట్టి చేతులతోనే విప్పాడు. మందమైన తోలు, అక్కడో ముల్లు ఇక్కడో ముల్లు, మొండివి, బొటనవేళ్ళతో నొక్కితే చీలాయి. సుఖంగానే ఉంది పని. దీనికా అంత గోల చేసేది, అనుకున్నాడు కూడా. ఏటా ఆమె వచ్చేసరికి వేళ్ళ నిండా ముళ్ళుండేవి. వెంట్రుకల్లాంటివి, కంటికి కనబడవు. గొంగళిపురుగు ఒళ్ళులా ఉంటుందండీ కాయ, తొడుగులు వేసుకున్నా దిగుతాయి, అనేది. దీపం కింద కూర్చొని, చేయి చాపి, "ఏవండీ, ఆ పిన్నీసు ఇటందుకోండి" అనేది. సోఫా పక్కన బల్లమీదే ఉండేది డబ్బా. టీవీ మీది కన్ను తీయకుండా అందించేవాడు. ఎవరు పొమ్మన్నారు, అనేవాడు. ఏటా అదే, అందుకోండి, ఎవరు పొమ్మన్నారు, అది కూడా ఒక ముచ్చటే అని ఇప్పుడనిపిస్తోంది, పిన్నీసు ఇచ్చేటప్పుడు వేళ్ళు తగిలేవి.

ఆ అక్టోబరులో పిన్నీసు అడగలేదు.

తుడుచుకోబోయిన చేతులు అక్కడే ఆగాయి. అడగలేదు. నాలుగు సార్లు వెళ్ళొచ్చింది, ఒక్కసారీ అడగలేదు. అడగలేదని అప్పుడు తట్టలేదు. గిన్నెలోంచి గింజ తీశాడు, వేడికి వేళ్ళు చురుక్కుమన్నా పట్టుకొనే చూశాడు. గుండ్రం. అడుగున తెల్లమచ్చ. కొన లేదు. జ్యోతికి పదేళ్ళో పదకొండో, సోఫా వెనకనుంచి వచ్చి ఇతని మెడ మీద ఏదో గీరింది, ఉలిక్కిపడితే "ఎలుక నాన్నా, ఎలుక!" అని కిచకిచలాడింది, చేతిలో గింజ, ఒక పక్క చదును, కొసన చిన్న తోక, కుచ్చు లాగా. ఆ తోక పట్టుకొనే గీరింది. కళ్ళూ మీసాలూ పెన్నుతో గీసి టీవీ మీద వరసగా పేర్చేది ఎలుకల్ని, ఇతను ఊడ్చి పడేసేవాడు. ఊడ్చి పడేశాడు కాబట్టి చూశాడు, చేత్తో పట్టుకున్నాడు. గిన్నె మొత్తం సింకులోకి వంచాడు. ఆవిరి మొహాన కొట్టింది. ఒక్కొక్కటే వెతికాడు, తోక ఉన్నది ఒక్కటైనా. తాలని పడేసినవి కూడా తీసి చూశాడు. లేదు. ఒక్కదానికీ లేదు.

ఉడతలు కూడా ముట్టుకోవని కుర్రాడు చెప్పనే చెప్పాడు. ఇవి అవి కావు, రంగొక్కటే వాటిది. మూడో నీళ్ళు కాదు ముప్పయ్యో నీళ్ళైనా ఇవి తిండి కావు. నాలుగింటికి పిల్ల వచ్చి పళ్ళెం ముందు కూర్చుని, తాత ఇచ్చాడని నోట్లో వేసుకొని, తాత ఎదురుగా ఉన్నాడని మింగేసి ఉంటే... తమ ఇంటి అలవాటే వచ్చిందో ఏమో, ఎలీనా కూడా ఉమ్మదు, పెట్టింది తినేసే పిల్ల. సింకు అంచు పట్టుకున్నాడు. ఆ ఆలోచన వెనకనుంచి ఇంకోటి వచ్చింది, నెమ్మదిగా, ఇల్లు తెలిసిన మనిషిలాగా. సలోమికి తెలియదా? ఇరవై అక్టోబర్లు ఏరిన మనిషి, చీకట్లో చేత్తో తడిమి చెప్పగల మనిషి. తెలుసు. తెలిసీ ఇవే ఏరి, ఇవే సంచీలో పోసి, ఇతను రోజూ తిరిగే బాల్కనీలో, ఇతని కాళ్ళ దగ్గర పెట్టింది. మూతి కూడా కట్టలేదు సంచీకి. ఒక్కసారి వంగి చూస్తే చాలు. ఏమిటివి, ఎక్కడివి అని అడిగితే చాలు.

ఫోన్ తీశాడు. రెండో రింగుకే ఎత్తింది.

"నాన్నా? మేం ఇంకా స్టార్ట్ అవలేదు. ఏమైంది?"

"పిల్ల తినేవి కావు ఇవి."

"ఏవి?"

"నేను ఏరుకొచ్చినవి. ఆస్పత్రి చెట్టువి."

అవతల ఎలీనా ఏదో పాడుకోవడం వినిపిస్తోంది, దూరంగా, ఇంగ్లీషులో.

"నువ్వు తిన్నావా?"

"ఒక ముక్క."

"నాన్నా! అవి పాయిజన్. ఎంత ముక్క? ఎప్పుడు? కడుపులో తిప్పుతోందా?"

"కందిపప్పంత. ముప్పావుగంటయింది. తిప్పితే నేనే చెప్తాను."

"నువ్వా! నువ్వు చెప్తావా! చచ్చిపోయాక లెటర్ రాస్తావు నువ్వు. ఇంకేం నోట్లో పెట్టకు, నేను హెల్ప్‌లైన్‌కి కాల్ చేసి కనుక్కుంటా."

ఆ గొంతులో ఉన్నది భయం. తన కోసం ఇంకొకరు భయపడగా విని ఎన్నాళ్ళయిందో. ఏం చెయ్యాలో తెలియక ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. మనసులో దువ్వి పెట్టుకున్న మాట నోటిదాకా వచ్చింది, కానీ వచ్చేసరికి దాని మొహం మారిపోయింది.

"ఆ ఏడు అమ్మ తెచ్చింది ఇవేగా."

"...అవును."

"తెలిసే తెచ్చింది."

"తెలిసే. పార్క్ దాకా వెళ్ళే ఓపిక లేదు నాన్నా తనకి. కార్లో కూర్చుని చూపించేది, నేను ఏరేదాన్ని. అమ్మా, నాన్న చూస్తే ఏం చెప్తావు అంటే..." ఆగిపోయింది.

"చూడర్లే, అంది" అన్నాడు కృపావరం.

కాదని అంటుందేమోనని ఆగాడు. అనలేదు. వాన కిటికీ అద్దం మీద కారుతోంది. సింకులో చల్లారుతున్న గింజల మీద చింతపండు పీచు వేలాడుతోంది. గోడ అవతల ఫణి ఎవరితోనో మీటింగులో నవ్వుతున్నాడు.

"ఇంకా కోపమేనా నాన్నా, అమ్మ మీద?"

"కోపమే."

 ఏ క్షణమైనా ఫోన్ పెట్టేస్తుంది అనుకున్నాడు.

"నీ మీద కూడా" అన్నాడు. "ఆ పార్కులో ఏ చెట్టో నాకు తెలీదు. చీకటి పడకముందే రా, చూపిద్దువుగాని."

ఆమె సరే అనలేదు, రాను అనలేదు. "ఎలీనా, షూస్ వేసుకో! బూట్స్, బూట్స్! నౌ!" అని కేక వినిపించింది. తాళంచెవులు గలగలమన్నాయి. ఎందుకమ్మా ఇప్పుడే, అని పిల్ల అడుగుతోంది. తాత, అని ఏదో చెబుతోంది జ్యోతి, మిగతాది అందలేదు. తలుపు తీసిన చప్పుడు, వాన చప్పుడు, అక్కడి వాన. ఫోన్ కట్ చేయడం మరిచిపోయినట్టుంది. ఇతనూ కట్ చేయలేదు.